కొత్త విండోలో కమాండ్ పలికేదాకా ఇన్‌స్టాల్ అయినట్టు కాదు: హైదరాబాద్ టూల్ ఇంజినీర్లకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో డెవలపర్ టూల్స్ తయారుచేస్తున్న ఇంజినీర్లకు, కంపెనీల్లో ఇన్‌స్టాల్ స్క్రిప్టులు రాసే ప్లాట్‌ఫామ్ టీముల వాళ్లకు,

నమస్కారం.

నేను పద్నాలుగేళ్లుగా సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేస్తున్నాను. వారమంతా ఉద్యోగం. శనివారం పొద్దున మాత్రం ఎస్.ఆర్. నగర్‌లో ఒక గదిలో, కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు ఫీజు లేకుండా క్లాసు చెబుతాను. అమీర్‌పేటలో కోర్సుల కోసం ఊళ్ల నుంచి వచ్చి, చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే పిల్లలే ఎక్కువ. మైత్రీవనం దగ్గర ఫ్లెక్సీలు చూసుకుంటూ ఏ కోర్సులో చేరాలో తెలియక తిరిగేవాళ్లని మీరూ చూసే ఉంటారు. మీలో కొందరు ఒకప్పుడు అలా తిరిగినవాళ్లే అయ్యుంటారు. వాళ్ల తరఫున, మీ ఇన్‌స్టాలర్ల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మధ్య ఒక శనివారం జరిగింది చెబుతాను. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, బీకామ్ చదివింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కుంది. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేయించి, అందులో ఉబుంటు అనే లినక్స్ పెట్టించాను. అంతకు ముందు వారం పైథాన్ కోడ్‌ని సరిచూసే ఒక చిన్న టూల్ ఇన్‌స్టాల్ చేసుకుంది. వారమంతా వాడింది కూడా. ఆ రోజు ఇంకో టూల్ కావాల్సి వచ్చింది. ఆ టూల్ తయారుచేసినవాళ్లు ఇచ్చిన ఒక్క లైను కాపీ చేసి పేస్ట్ చేసింది. ఇన్‌స్టాల్ విజయవంతంగా పూర్తయిందని స్క్రీన్ మీద వచ్చింది. కొత్త విండో తెరవమంది, తెరిచింది. కొత్త టూల్ పేరు కొడితే పలికింది. అయితే కమాండ్ కొట్టే చోట ముందు వచ్చే ప్రాంప్ట్, రోజూ ఆకుపచ్చ, నీలం రంగుల్లో కనిపించేది, మొత్తం తెల్లగా అయిపోయింది. పోయిన వారం టూల్ పేరు కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" అని వచ్చింది.

"సార్, నేనేదో చెడగొట్టాను" అంది. గొంతు సన్నగా అయిపోయింది. ఆ ల్యాప్‌టాప్ కోసం ఇంట్లో ఎంత బతిమాలిందో అంతకు ముందే ఒకసారి చెప్పింది. అసలు ఏమైందో నేను చూసేలోపే, తనంతట తానే పాత టూల్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద. ఆ రోజు డేటా అక్కడికక్కడే అయిపోయింది. టూల్ మాత్రం పలకలేదు.

ఆమె ఏమీ చెడగొట్టలేదు. జరిగింది ఇది. విండోలో మనం కొట్టే కమాండ్లని అందుకుని నడిపే ప్రోగ్రామ్‌ని షెల్ అంటారు, ఉబుంటులో అది బ్యాష్. బ్యాష్‌ని లాగిన్ షెల్‌గా, అంటే అప్పుడే లాగిన్ అయినట్టుగా, తెరిచినప్పుడు అది యూజర్ సొంత ఫోల్డర్ అయిన హోమ్‌లో మూడు ఫైళ్ల కోసం వరసగా వెతుకుతుంది: డాట్ బ్యాష్ ప్రొఫైల్, డాట్ బ్యాష్ లాగిన్, డాట్ ప్రొఫైల్. మొదట దొరికినదాన్ని మాత్రమే చదువుతుంది, మిగతావాటి వంక కూడా చూడదు. ఈ మూడింటిలో ఉబుంటు కొత్త యూజర్‌కి ఇచ్చేది డాట్ ప్రొఫైల్ ఒక్కటే. రంగులు, షార్ట్‌కట్లు ఉండే బ్యాష్ ఆర్‌సీ ఫైలుని పిలిచేది ఆ ప్రొఫైలే. హోమ్‌లోని డాట్ లోకల్ బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో, అంటే పేరు కొడితే షెల్ టూల్ కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో, కలిపేదీ అదే. కొత్త టూల్ ఇన్‌స్టాలర్ ఏం చేసిందంటే, లేని బ్యాష్ ప్రొఫైల్ ఫైలుని కొత్తగా పుట్టించి, అందులో తన లైను ఒక్కటి రాసుకుంది. డబ్ల్యూఎస్ఎల్‌లో ప్రతి విండో లాగిన్ షెల్‌గానే తెరుచుకుంటుంది. ఆ క్షణం నుంచి బ్యాష్ ఆ కొత్త ఫైలుని చదివి ఆగిపోతోంది. ప్రొఫైల్ పక్కనే ఉంది, కానీ దాని వంతు రాదు. రంగులు పోయాయి, పాత టూల్ పోయింది.

ఫైలు పుట్టిన టైము చూపించాను. 10 గంటల 22 నిమిషాలు. తను లైను పేస్ట్ చేసిన నిమిషం. అందులో ఉన్నది ఒక్కటే లైను, అది తను రాసింది కాదు. ఆ ఫైలులోనే డాట్ ప్రొఫైల్‌ని పిలిచే ఇంకో లైను చేర్చి కొత్త విండో తెరిస్తే, ఆకుపచ్చ రంగు తిరిగి వచ్చింది. తన ముఖం చూడాల్సింది. కానీ మూడు గంటల క్లాసులో గంటన్నర దానికే పోయింది. మిగతా పదిమంది ఆ గంటన్నర కూర్చుని చూశారు.

ఆ ఇన్‌స్టాలర్ రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల మెషీన్‌లో బ్యాష్ ప్రొఫైల్ ముందే ఉండి ఉంటుంది. అందులో ప్రొఫైల్‌ని పిలిచే లైనూ ఉండి ఉంటుంది. వాళ్ల దగ్గర పనిచేసింది కాబట్టి బయటికి పంపారు. నేను రాసేది సరిగ్గా ఈ అలవాటు గురించే. మన దగ్గర పనిచేసిందంటే ఇన్‌స్టాల్ అయినట్టు కాదు. ఫైలు డిస్క్ మీదికి దిగినా అయినట్టు కాదు. వాడేవాళ్లు ఏ షెల్‌లో ఉంటే ఆ షెల్‌లో, కొత్తగా తెరిచిన విండోలో పేరు కొడితే టూల్ పలకాలి, అంతకు ముందున్నవి ఏవీ పోకూడదు. ఈ పని మీ బాధ్యత. వాడేవాళ్లది కాదు.

నా క్లాసులో ఒక శనివారం ఉండే ల్యాప్‌టాప్‌లనే తీసుకోండి. ఎక్కువమందికి విండోస్, అందులో కొందరికి డబ్ల్యూఎస్ఎల్. ఇద్దరు నేరుగా ఉబుంటు వేసుకున్నారు. ఒకబ్బాయి అన్నయ్య వాడి వదిలేసిన మ్యాక్ తెచ్చుకుంటాడు. ఇంకొకడికి కాలేజీ సీనియర్ ఎవరో ఫిష్ షెల్ పెట్టిచ్చాడు. టైప్ చేస్తుంటే ముందే అందిస్తుందని వాడికి అదంటే ప్రాణం. ఆఫీసు ల్యాప్‌టాప్‌తో వచ్చే ఒకావిడకి అడ్మిన్ హక్కులు లేవు, విండోస్ సొంత షెల్ అయిన పవర్‌షెల్ ఒక్కటే దిక్కు. ఒకే గదిలో, ఒకే బోర్డు మీద నేను రాసే ఒకే లైను, వీళ్లలో ఒక్కొక్కరికి ఒక్కోలా తిరుగుతుంది.

ఈ తేడాలు నిన్న మొన్న పుట్టినవి కావు. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడో వర్షన్‌తో వచ్చింది. బ్రయన్ ఫాక్స్ బ్యాష్ 1989లో, పాల్ ఫాల్‌స్టాడ్ జెడ్ షెల్ 1990లో వచ్చాయి. అందరూ కలిసి నడవగలిగే కనీస భాషని పాజిక్స్ ప్రమాణం 1992లోనే రాసిపెట్టింది. ఫిష్ 2005లో, పవర్‌షెల్ 2006లో వచ్చాయి. అదే 2006లో ఉబుంటు, స్క్రిప్టులు ఎస్‌హెచ్ అనే పేరుతో పిలిచే షెల్‌ని బ్యాష్ నుంచి డ్యాష్ అనే చిన్న షెల్‌కి మార్చింది, 2011లో డెబియన్ కూడా ఆ దారిలోనే వచ్చింది. 2019లో మ్యాక్ క్యాటలీనాతో డిఫాల్ట్ షెల్ జెడ్ షెల్ అయింది. ఏ షెల్ ఏ ఫైలు ఎప్పుడు చదువుతుందో వాటి మాన్యువల్ పేజీల్లో స్పష్టంగా ఉంది. తెలిసిన తేడాలే కాబట్టి తెలిసే జాగ్రత్త పడవచ్చు.

చాలామంది తడబడేది ఇంకో మూల విషయం దగ్గర. ఇన్‌స్టాలర్ నడిచేది షెల్‌కి పిల్ల ప్రాసెస్‌గా. పాత్ లాంటి సెట్టింగ్‌లని కలిపి ఎన్విరాన్‌మెంట్ అంటారు. తల్లి దగ్గరున్న ఎన్విరాన్‌మెంట్‌కి అది ఒక జిరాక్స్ కాపీ తీసుకుని నడుస్తుంది. జిరాక్స్ మీద ఎంత దిద్దినా ఒరిజినల్ మారదు కదా. అందుకే ఇన్‌స్టాలర్ లోపల పాత్ మార్చినా, అది పూర్తయి బయటికి వచ్చాక యూజర్ ముందున్న విండోకి ఆ మార్పు తెలియదు. ఏ ఫైలులోనైనా రాసిపెట్టి, ఆ ఫైలుని షెల్ మళ్లీ చదివేలా చేయాలి, లేదా ఈ విండోలో ఈ లైను కొట్టమని చెప్పాలి. ఇది ఎవరి తప్పూ కాదు, యూనిక్స్ పనితీరే అంత. కానీ ఈ సంగతి చెప్పకుండా "పూర్తయింది" అని మాత్రం రాస్తే, నేర్చుకునేవాళ్లు వెంటనే పేరు కొడతారు, పలకదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మళ్లీ మళ్లీ. ఒకబ్బాయి బ్యాష్ ఆర్‌సీ తెరిచి చూస్తే ఒకే పాత్ లైను ఆరుసార్లు ఉంది. ఆరుసార్లూ ఆ ఇన్‌స్టాలర్ ముందున్నది చూసుకోకుండా కింద అంటించుకుంటూ పోయింది.

ఆ అబ్బాయిది నేరుగా ఉబుంటు వేసిన ల్యాప్‌టాప్. ఉబుంటు గురించి ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది పెద్దవాళ్లని కూడా ఏడిపిస్తుంది. డాట్ ప్రొఫైల్, డాట్ లోకల్ బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో కలుపుతుందని చెప్పాను కదా. అయితే లాగిన్ అయ్యే సమయానికి ఆ ఫోల్డర్ ఉంటేనే కలుపుతుంది. కొత్త మెషీన్‌లో ఆ ఫోల్డర్ ఉండదు. మీ ఇన్‌స్టాలర్ దాన్ని పుట్టించి, టూల్‌ని అందులో పెట్టి, "ఈ ఫోల్డర్ ఎలాగూ పాత్‌లో ఉంటుంది" అనుకుని ఊరుకుంటుంది. కొత్త విండో తెరిచినా పలకదు, ఎందుకంటే ఉబుంటు డెస్క్‌టాప్‌లో టెర్మినల్ విండో లాగిన్ షెల్ కాదు, అది ప్రొఫైల్‌ని చదవదు. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే చక్కగా పలుకుతుంది. మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ తెరిచేసరికి దానంతట అదే బాగైపోయినట్టుంటుంది. ఎందుకు చెడిందో తెలియదు, ఎందుకు బాగైందో తెలియదు. కొత్తవాళ్లకి కంప్యూటర్ అంటే భయం పుట్టేది ఇలాంటి చోటే.

మ్యాక్‌లో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడి టెర్మినల్ యాప్ ప్రతి విండోనీ లాగిన్ షెల్‌గా తెరుస్తుంది. జెడ్ షెల్ మొదట జెడ్‌షెన్వ్ అనే ఫైలు చదువుతుంది, తర్వాత సిస్టమ్‌కి చెందిన జెడ్ ప్రొఫైల్ వస్తుంది. అందులోంచి నడిచే పాత్ హెల్పర్ అనే ప్రోగ్రామ్ సిస్టమ్ ఫోల్డర్లన్నిటినీ ముందుకు తెచ్చి, జెడ్‌షెన్వ్‌లో మీరు కలిపినదాన్ని వెనక్కి నెడుతుంది. మీ టూల్ పాత్‌లో ఉంటుంది, కానీ అదే పేరుతో సిస్టమ్‌లో పాత వర్షన్ ఉంటే అదే ముందు పలుకుతుంది. ఎర్రర్ రాదు, తప్పు వర్షన్ నడుస్తుంది. మా వాడి మ్యాక్‌లో ఇది పట్టుకోవడానికి నాకే అరగంట పట్టింది. ఇక మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2. లైసెన్స్ మార్పు వల్ల అక్కడే ఆగిపోయింది, 2006 నాటిది. నాలుగో వర్షన్‌లో వచ్చిన సౌకర్యాలు వాడి స్క్రిప్ట్ రాస్తే అక్కడ కూలబడుతుంది.

ఫిష్ అబ్బాయి కష్టం వేరు. ఇన్‌స్టాలర్ తాను బ్యాష్‌తో నడుస్తోంది కాబట్టి యూజర్‌ది కూడా బ్యాషే అనుకుని బ్యాష్ ఆర్‌సీలో రాసి వెళ్లిపోతుంది. ఫిష్ ఆ ఫైలు ముఖం చూడదు. పోనీ షెల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని అడుగుదామంటే, అది చెప్పేది లాగిన్ షెల్ పేరు, ఇప్పుడు వాడుతున్నదాని పేరు కాదు. బ్యాష్ లోంచి ఫిష్ తెరుచుకునేవాళ్లకి అక్కడా బ్యాష్ అనే ఉంటుంది. అందుకని ఒక్కదాన్ని ఊహించి అందులోనే రాయడం కన్నా, యూజర్ దగ్గర ఏ ఏ షెల్‌లు ఉన్నాయో చూసి, ఉన్న ప్రతిదానికీ దాని భాషలో ఏర్పాటు చేయడం మేలు. ఫిష్‌కి దాని కాన్ఫిగ్ ఫోల్డర్ లోపల కాన్ఫ్ డాట్ డి అనే చోటుంది. అందులో మీ పేరుతో ఒక చిన్న ఫైలు పెడితే చాలు, యూజర్ సొంత ఫైలుని తాకే పనే లేదు. తీసేయాలన్నా ఆ ఫైలు తీసేస్తే సరిపోతుంది. ఇంత శుభ్రమైన ఏర్పాటు ఉండగా వాడుకోకపోతే ఎలా?

విండోస్ సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన పిల్లల్లో ఎక్కువమందికి ఉన్నది అదే. సెట్ఎక్స్ కమాండ్‌తో పాత్ మార్చమని చెప్పే సూచనలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. దయచేసి అవి తీసేయండి. సెట్ఎక్స్ 1024 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది, ఆ తర్వాతవి పోతాయి. పైగా ఇప్పటి పాత్‌ని తెచ్చి అందులోనే కలపమంటే, సిస్టమ్ పాత్ కూడా యూజర్ పాత్‌లోకి వచ్చి పడుతుంది. ఒక టూల్ కోసం వెళ్లి పది టూల్స్ పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను. పవర్‌షెల్ ప్రొఫైల్ ఫైలులో రాయడం ఇంకో పద్ధతి. మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌తో వచ్చే పవర్‌షెల్‌లో స్క్రిప్టులు నడపకూడదన్న నిబంధన డిఫాల్ట్‌గా ఉంటుంది. ప్రొఫైల్ కూడా స్క్రిప్టే. ఇక ఆ రోజు నుంచి ఎప్పుడు పవర్‌షెల్ తెరిచినా ఎర్రటి ఎర్రర్ స్వాగతం చెబుతుంది. విండోస్‌తో వచ్చే 5.1కి ఒక ప్రొఫైల్ ఫోల్డర్, విడిగా వేసుకునే 7కి ఇంకొకటి. యూజర్ స్థాయి పాత్‌ని, విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో సరిగ్గా మార్చి, మారిందని మిగతా ప్రోగ్రాములకి తెలియజేసే దారి ఉంది. దానికి అడ్మిన్ హక్కులు కూడా అక్కర్లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ తెచ్చుకునే ఆవిడకి అదొక్కటే దారి. ఆ తర్వాత కూడా ముందే తెరిచి ఉన్న ఎడిటర్ లోపలి టెర్మినల్‌కి మార్పు అందదు, ఎడిటర్‌ని పూర్తిగా మూసి తెరవాలి. ఈ ఒక్క వాక్యం మీ మెసేజ్‌లో ఉంటే నాకు ప్రతి శనివారం పావుగంట మిగులుతుంది.

పేర్లలో ఖాళీల గురించి కూడా చెప్పనివ్వండి. ఇది మనకి బాగా తగిలే విషయం. మన పేర్లు ఒక్క ముక్కలో ఉండవు. ఇంటిపేరో ఇనీషియలో, ఆపైన రెండు ముక్కల పేరు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అయితే కొన్నిసార్లు షాపువాళ్లు తమ షాపు పేరుతోనే యూజర్‌ని పెట్టి ఇచ్చేస్తారు. సూర్యాపేట అమ్మాయి ల్యాప్‌టాప్‌లో యూజర్ ఫోల్డర్ పేరు ఇప్పటికీ ఆ షాపుదే, మధ్యలో ఒక ఖాళీతో. స్క్రిప్ట్‌లో హోమ్ ఫోల్డర్‌ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకపోతే, ఆ ఖాళీ దగ్గర పేరు రెండుగా తెగిపోతుంది. సగం పేరుతో ఒక కొత్త ఫోల్డర్ పుడుతుంది, లేదా అలాంటి ఫైలు లేదంటుంది. మీ టెస్ట్ మెషీన్లలో ఒకదానికి ఖాళీ ఉన్న యూజర్ పేరు పెట్టండి. అంతకన్నా ఖర్చులేని టెస్ట్ ఉండదు.

స్క్రిప్ట్‌ని ఎస్‌హెచ్‌కి పంపమని చెప్పి లోపల బ్యాష్ రాతలు రాయడం చాలా చోట్ల కనిపిస్తుంది. రెండు చదరపు బ్రాకెట్ల పరీక్ష డ్యాష్‌కి తెలియదు. తెలియకపోతే ఆగిపోతే బాగుండేది. ఒక ఇఫ్ షరతులో అది ఉంటే, డ్యాష్ "నాట్ ఫౌండ్" అని ఒక లైను ముద్రించి, షరతు తప్పు అయినట్టుగా లెక్కవేసి, ఎల్స్ వైపు వెళ్లిపోతుంది. అంటే లినక్స్ మెషీన్ మ్యాక్‌కి రాసిన దారిలోకి, కొత్త వర్షన్ ఉన్న మెషీన్ పాత వర్షన్‌కి రాసిన దారిలోకి వెళ్లిపోవచ్చు. చివర్లో పచ్చగా "పూర్తయింది" వస్తుంది. కంటైనర్లంటే మెషీన్ లోపల మిగతావాటికి విడిగా నడిచే పెట్టెల్లాంటివి. ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌తో కట్టిన కంటైనర్లలో అసలు బ్యాషే ఉండదు. పైగా ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ అక్కడ మజిల్, ఉబుంటులో ఉండే జీలిబ్‌సీ కాదు. జీలిబ్‌సీకి కట్టిన బైనరీ పెడితే ఫైలు కళ్లెదురుగా ఉన్నా "నాట్ ఫౌండ్" అంటుంది, లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని నడిపే లోడర్. షెల్‌చెక్ అనే ఉచిత టూల్ ఇలాంటి బ్యాష్ రాతలని, కొటేషన్లు లేని వేరియబుల్స్‌ని ఇట్టే పట్టిస్తుంది. అది కూడా నడపకుండా వేలమంది మెషీన్ల మీదికి స్క్రిప్ట్ వదలడం నాకు బాధనిపిస్తుంది.

ఇదంతా చేయడం సాధ్యం కాదని ఎవరూ అనలేరు, చేసి చూపించినవాళ్లు ఉన్నారు. రస్ట్ భాష వాళ్ల రస్టప్ ఇన్‌స్టాలర్‌ని చూడండి. తన ఏర్పాటంతా తన ఫోల్డర్‌లోనే ఎన్వ్ అనే ఒక చిన్న ఫైలులో పెట్టుకుంటుంది. యూజర్ ఫైళ్లలో రాసేది ఆ ఫైలుని పిలిచే ఒక్క లైను. ఆ చిన్న ఫైలు, పాత్‌లో తన ఫోల్డర్ ముందే ఉందా అని చూసుకుని, లేకపోతేనే కలుపుతుంది, కాబట్టి ఎన్నిసార్లు చదివినా పాత్ ఉబ్బిపోదు. నా ఫైళ్లని తాకొద్దు, నేనే చూసుకుంటాను అనేవాళ్లకి ఒక ఆప్షన్ ఇస్తుంది. తీసేయమంటే తాను రాసిన లైన్లు తానే తీసేసుకుంటుంది. ఈ చివరిది నాకు చాలా ముఖ్యం. ఒకరి ఇంట్లోకి వెళ్లి గోడకి మేకు కొట్టినవాళ్లు, ఖాళీ చేసేటప్పుడు పీకి వెళ్లాలి. టూల్ తీసేసిన ఏడాది తర్వాత కూడా, లేని ఫోల్డర్‌ని వెతుకుతూ ప్రతి విండోలో ఒక ఎర్రర్ లైను వస్తుంటే, దాన్ని ఎలా ఆపాలో తెలియక అలాగే బతికేస్తున్నవాళ్లు ఉన్నారు.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద ఆఫీసుల్లో ఉన్న ప్లాట్‌ఫామ్ టీములకి వేరుగా ఒక మాట. మీ లోపలి టూల్స్ బయటి ప్రపంచానికి కనిపించవు కాబట్టి వాటి ఇన్‌స్టాలర్ మీద శ్రద్ధ తక్కువ ఉంటుంది. ఒక వికీ పేజీ, అందులో "ఈ లైను మీ బ్యాష్ ఆర్‌సీలో పెట్టుకోండి" అన్న వాక్యం. ఆ పేజీ రాసిన రోజున అందరివీ లినక్స్ మెషీన్లే అయ్యుంటాయి. ఈ రోజు కొత్తగా చేరిన పిల్లాడి చేతికి మీరే మ్యాక్ ఇచ్చారు. అది బ్యాష్ ఆర్‌సీని చదవదు. మా క్లాసులో చదివి ఉద్యోగం తెచ్చుకున్న ఒకబ్బాయి మొదటి రోజు సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. "సార్, పక్కవాళ్లని అడిగితే ఇది కూడా రాదా అనుకుంటారేమో" అని, రోజంతా ఎవరినీ అడగకుండా కూర్చున్నాడు. ఇంజినీరింగ్ చదవని ఇంట్లోంచి, ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చి, ఎన్నో ఇంటర్వ్యూలు దాటి సీట్లో కూర్చున్న పిల్లాడు. వాడి మొదటి రోజు టెన్షన్ అంతా ఒక ఫైలు పేరు వల్ల. ఫోన్లో రెండు నిమిషాల్లో తేలిపోయింది.

"కంటైనర్లు వాడుకోమనండి, ఈ గొడవే ఉండదు" అని కొందరు మిత్రులు అంటారు. నాలుగు జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్, డబ్ల్యూఎస్ఎల్, బ్రౌజర్ నడుస్తూండగా కంటైనర్లు కూడా ఎత్తుకోమంటే అది మోయలేదు. "పాత్ అంటే ఏంటో నేర్చుకోవాలి కదా, కష్టపడితేనే వస్తుంది" అని ఇంకొందరు అంటారు. నేర్పిస్తాను. నాలుగో వారం ఒక క్లాసు మొత్తం దానికే. అప్పటికి వాళ్లు సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాసి నడిపి ఉంటారు, అది ఎక్కడి నుంచి పలుకుతోందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉంటుంది. మొదటి గంటలో, ఇంకా ఒక్క లైను రాయకముందే, ఈ ఎర్రర్ ఎదురైతే నేర్చుకునేది పాత్ గురించి కాదు, ఇది నా వల్ల కాదు అని. మొదటి క్లాసుకి వచ్చి రెండో క్లాసుకి రానివాళ్ల పేర్లు నా పుస్తకంలో ఉన్నాయి. అందరూ దీనివల్లే మానేశారని అనను. కొందరైతే దీనివల్లే.

మీ ఇన్‌స్టాలర్ చివరి మెసేజ్ గురించి ఒక్క విన్నపం. ఇన్‌స్టాలర్ పని ముగించే ముందు, యూజర్ షెల్‌ని కొత్తగా ఒకటి తెరిపించి, అందులో టూల్ పేరు దొరుకుతోందో లేదో తానే చూడవచ్చు. దొరికితే "కొత్త విండోలో పనిచేస్తుంది, ఈ విండోలోనే కావాలంటే ఈ లైను కొట్టండి" అనాలి. దొరకకపోతే, టూల్ ఎక్కడ పెట్టిందో, ఏ ఫైలులో ఏం రాసిందో, ఇంకా ఏం మిగిలిందో సూటిగా చెప్పాలి. ఇచ్చే లైను ఆ యూజర్ షెల్‌కి సరిపోయేది అయ్యుండాలి, ఫిష్ వాడేవాళ్లకి బ్యాష్ లైను ఇవ్వకూడదు. చిన్న చిన్న మాటల ఇంగ్లీషు అయినా పర్వాలేదు, మా పిల్లలు చదువుకుంటారు. తెలుగులో కూడా ఇవ్వగలిగితే ఎంత సంతోషమో. ఈ ఊళ్లో టూల్స్ రాసేవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లకి కొదవలేదు.

రిలీజ్‌కి ముందు టెస్ట్ చేయడానికి అన్ని రకాల మెషీన్లు మా దగ్గర లేవని ఒక చిన్న టీమ్ వాళ్లు ఆమధ్య నాతో అన్నారు. డ్యాష్, బ్యాష్, జెడ్ షెల్, ఫిష్ నాలుగూ ఒకే లినక్స్ మెషీన్‌లో పెట్టుకోవచ్చు, కొత్త యూజర్‌ని సృష్టించి, నడిపి, తీసేయడం ఆటోమేటిక్‌గా చేసుకోవచ్చు. ఆ యూజర్ హోమ్ ఫోల్డర్ కొత్తగా ఉండాలి, అదే ముఖ్యం. మీ సొంత అకౌంట్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న సెట్టింగ్‌లు మీ స్క్రిప్ట్ తప్పుల్ని కప్పేస్తాయి.

మిగతావి మా దగ్గర ఉన్నాయి. శనివారం పొద్దున పదింటికి మా గదికి రండి. షాపు పేరుతో యూజర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, పాత మ్యాక్ ఉంది, ఫిష్ ఉంది, అడ్మిన్ హక్కులు లేని ఆఫీసు మెషీన్ ఉంది. మీ లైను బోర్డు మీద మీరే రాయండి. పక్కన నిలబడి చూడండి, సాయం మాత్రం చేయకండి. వాళ్లు ఎక్కడ ఆగారో రాసుకోవడానికి ఆ సూర్యాపేట అమ్మాయి ఒక నోట్‌బుక్ మొదలుపెట్టింది. ఫైలు పేరు, షెల్ పేరు, వచ్చిన ఎర్రర్, ఎలా పోయింది, నాలుగు గళ్లు గీసుకుంది. మొదటి లైనులో తన ల్యాప్‌టాప్ గురించే ఉంది. ఆ పుస్తకం కాపీ అడిగితే ఇస్తానంది.

ఇట్లు,
శనివారం క్లాసు చెప్పే ఒక సిస్టమ్ అడ్మిన్,
ఎస్.ఆర్. నగర్, హైదరాబాద్